మునిగినదాన్ని లాగే మోకు

బావిలో బొక్కెన పడిపోయింది. ఏం చేస్తాం? ఇనుప కొండ్లు ఉన్న గాలం తెస్తాం. తాడు కట్టి దించుతాం. అది అడుగున తడుముతూ పోతుంది. ఎక్కడో ఒకచోట బొక్కెన చెవికి తగులుతుంది. మెల్లగా పైకి లాగుతాం. హుస్సేనీ ఆలంలో పాత ఇళ్ల వాకిళ్లలో బావులు ఉన్నవాళ్లకు ఈ పని తెలుసు. ఇంట్లో అమ్మమ్మలకు ఇంకా బాగా తెలుసు.

అప్పుడు ఒక సంగతి చూసే ఉంటారు. నిండు బొక్కెన నీళ్లలో ఉన్నంతసేపు తేలికగా వస్తుంది. నీటి నుంచి బయటికి రాగానే చెయ్యి గుంజుతుంది. బరువు పెరిగిందా? లేదు. నీళ్లలో ఉన్నప్పుడు నీరే కొంత బరువు మోస్తుంది. బయటికి వచ్చాక మొత్తం మన చేతి మీద పడుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు అవసరం వస్తుంది.

బొక్కెన పడితే గాలం ఉంది. మరి కొండంత రాతి విగ్రహం నీళ్లలో పడితే? సముద్రంలో ఓడ ఇసుకలో కూరుకుపోతే? వాటినీ తాడు కట్టే లాగుతారు. ఆ తాడు ఎట్లాంటిది, దాన్ని లాగే యంత్రం ఎట్లాంటిది, లాగేవాళ్లకు ఉన్న ప్రమాదం ఏమిటి, చూద్దాం.

హుస్సేన్ సాగర్‌లో పడిన బుద్ధుడు

హుస్సేనీ ఆలం నుంచి బస్సెక్కితే హుస్సేన్ సాగర్ ఎంతో దూరం లేదు. చెరువు మధ్యలో బుద్ధుడు నిలబడి ఉంటాడు. పిల్లల్ని తీసుకుని మనలో చాలామంది చూసి వచ్చాం. ఆ విగ్రహం రెండున్నర ఏళ్లకు పైగా నీళ్ల అడుగున పడి ఉందని ఇప్పటి పిల్లలకు తెలియదు.

అప్పుడు ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి. చెరువులో పెద్ద బుద్ధుణ్ణి పెట్టాలని ఆయన అనుకున్నారు. భువనగిరి దగ్గర రాయగిరిలో మంచి రాయి దొరికింది. గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు ఏళ్ల తరబడి చెక్కారు. అతుకు లేదు, ముక్క లేదు. ఒకే రాయి. ఎత్తు సుమారు 58 అడుగులు. బరువు సుమారు 350 టన్నులు.

టన్ను అంటే వెయ్యి కిలోలు. మనం తెచ్చుకునే 25 కిలోల బియ్యం సంచులు 40 అయితే ఒక టన్ను. ఆ లెక్కన బుద్ధుడి బరువు 14,000 బియ్యం సంచులు. అన్ని సంచులు ఒక్కచోట ఎవరం చూసి ఉండం.

వందకు పైగా చక్రాలున్న బండి మీద విగ్రహాన్ని పట్నం తెచ్చారు. రోడ్డు పొడుగునా జనం నిలబడి చూశారు. చెరువు గట్టు దాకా బాగానే వచ్చింది. అసలు కష్టం నీళ్ల దగ్గర మొదలైంది. 1990 మార్చి 10న విగ్రహాన్ని బార్జి మీదికి ఎక్కించారు. బార్జి అంటే బల్లపరుపుగా, వెడల్పుగా ఉండే సరుకుల పడవ. అది గట్టు నుంచి కొంచెం దూరమే పోయింది. ఒక పక్కకు ఒరిగింది. విగ్రహం నీళ్లలో పడిపోయింది. దాంతోపాటు పనివాళ్లు కూడా పడ్డారు. కొందరు ప్రాణాలతో బయటికి రాలేదు. విగ్రహం సంగతి అందరూ చెప్పుకుంటారు గాని, పొద్దున పనికి పోయి ఇంటికి రాని ఆ మనుషుల సంగతి తక్కువ మంది చెప్పుకుంటారు.

పడవ మీద బరువు ఎందుకు ప్రమాదం? ఒక గంగాళంలో నీళ్లు పోసి, అందులో తాంబాళం తేలేయండి. తాంబాళం నడిమధ్య ఒక రాయి పెట్టండి. నిలుస్తుంది. రాయిని రెండు వేళ్ల మందం పక్కకు జరపండి. తాంబాళం అటు వంగుతుంది. వంగితే రాయి ఇంకా అటే జారుతుంది. రాయి జారితే తాంబాళం ఇంకా వంగుతుంది. ఒకసారి మొదలైతే ఆపలేం. పెద్ద బార్జి అయినా ఇంతే. అందుకే నీళ్ల మీద బరువు వేసేటప్పుడు, అది ఎంత బరువు అనే లెక్క ఒక్కటే చాలదు. ఎక్కడ పెట్టారు, ఎంత గట్టిగా కట్టారు అనేది అంతకన్నా ముఖ్యం.

ఇప్పుడు బొక్కెన సంగతి గుర్తు చేసుకోండి. బుద్ధుడు నీటి అడుగున ఉన్నాడు. గ్రానైటు రాయి నీటి కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. అంటే 350 టన్నుల రాయి, సుమారు 130 టన్నుల నీళ్లు పట్టేంత జాగా ఆక్రమిస్తుంది. ఆ 130 టన్నులు నీరు మోస్తుంది. లాగేవాళ్లకు మిగిలేది సుమారు 220 టన్నులు. అంటే 8,800 బియ్యం సంచులు. తగ్గింది నిజమే. కాని ఇంకొకటి ఉంది. బురద. బురదలో కాలు దిగితే తీయడం ఎంత కష్టమో వానకాలంలో చూస్తూనే ఉంటాం. కాలు బరువు పెరగలేదు. బురద కిందినుంచి పట్టుకుంటుంది. కాలి పక్కన గాలి గాని, నీళ్లు గాని దూరితేనే వదులుతుంది. చెరువు అడుగున పడిన రాయికీ అదే గతి. ముందు బురద పట్టు విడిపించాలి. తర్వాతే లాగాలి.

చివరికి బుద్ధుణ్ణి పైకి తీశారు. 1992 డిసెంబరు 1న చెరువు మధ్య పీఠం మీద నిలబెట్టారు. 2006లో దలైలామా వచ్చి పూజ చేశారు.

గిరక నుంచి వించి దాకా

ఇంత బరువును లాగే యంత్రాన్ని వించి అంటారు. పేరు కొత్త. పని పాతదే.

బావి గిరకతో మొదలుపెడదాం. గిరక వల్ల బరువు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. 15 కిలోల బొక్కెనకు 15 కిలోల బలమే పెట్టాలి. కాకపోతే పైకి లాగే బదులు కిందికి లాగుతాం. ఒంటి బరువు మొత్తం తాడు మీద వేయొచ్చు. నడుము నొప్పి తక్కువ. అంతే తేడా.

ఇప్పుడు తాడు ఒక కొసను పైన దూలానికి కట్టేయండి. గిరకను బొక్కెనకే తగిలించండి. తాడు గిరక కిందుగా పోయి మళ్లీ పైకి వస్తుంది. బొక్కెన రెండు తాళ్ల మీద వేలాడుతుంది. సగం బరువు దూలం మోస్తుంది. సగమే మన చేతికి. కాని మూర ఎత్తు లేపాలంటే రెండు మూరల తాడు లాగాలి. బలం తగ్గింది, దూరం పెరిగింది. వినాయక నిమజ్జనం రోజు చెరువు గట్టున క్రేన్లు చూస్తారు కదా. ఈసారి క్రేను కొక్కెం పైన చూడండి. ఒకే తీగమోకు నాలుగైదు సార్లు కిందికీ పైకీ తిరిగి ఉంటుంది. అక్కడ ఉన్నవి కదిలే గిరకలే.

వించిలో గిరక బదులు డ్రమ్ము ఉంటుంది. డ్రమ్ముకు మోకు చుడతారు. డ్రమ్మును చేతి పిడితో తిప్పితే అది చిన్న వించి. పిడి ఎంత పొడుగుంటే అంత తేలిక. డ్రమ్ము మధ్య నుంచి మోకు జానెడు దూరంలో ఉందనుకోండి. పిడి నాలుగు జానల దూరంలో ఉందనుకోండి. 15 కిలోల బరువు చేతికి నాలుగు కిలోలలాగా తెలుస్తుంది. పెద్ద వించిలో చెయ్యి బదులు మోటారు, పిడి బదులు పళ్ల చక్రాలు. చిన్న చక్రం చాలాసార్లు తిరిగితే పెద్ద చక్రం ఒకసారి తిరుగుతుంది. డ్రమ్ము మెల్లగా తిరుగుతుంది, కాని ఆపలేనంత బలంతో తిరుగుతుంది.

చిన్న ఓడ, పెద్ద ఇంజను

సముద్రంలో ఓడలను లాగే ఓడను టగ్గు అంటారు. టగ్గు చూడటానికి పెద్ద ఓడ పక్కన కోడిపిల్లలాగా ఉంటుంది. కాని లోపల సరుకు ఉండదు, దాదాపు అంతా ఇంజనే. రేవుల్లో తిరిగే టగ్గులు పెద్ద ఓడలను గట్టుకు చేరుస్తాయి. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు మన నౌకాదళం కోసం 50 టన్నుల లాగుడు బలం ఉన్న టగ్గులు కట్టింది.

లాగుడు బలం ఎట్లా కొలుస్తారు? చాలా సులువు. గట్టు మీద బలమైన ఇనుప గుంజ ఉంటుంది. టగ్గును మోకుతో ఆ గుంజకు కట్టేస్తారు. మధ్యలో కాటా పెడతారు. ఇంజను పూర్తిగా నడుపుతారు. టగ్గు ఎక్కడికీ పోలేదు, గుంజుతూ ఉంటుంది. కాటా ఎంత చూపిస్తే అంత దాని బలం.

నడిసముద్రంలో పాడైన ఓడలను కాపాడే టగ్గులు వేరే. అవి ఇంకా పెద్దవి. వాటిలో కొన్నింటి బలం 200 టన్నులు దాటుతుంది. మన బుద్ధుడు నీటిలో ఎంత బరువు ఉన్నాడో ఇంతకుముందు లెక్క వేశాం. దాదాపు అంత బరువును ఆ టగ్గు ఒక్కటే పట్టి గుంజగలదు.

వాటి వించిని అర్థం చేసుకోవడానికి పాతబస్తీ వాళ్లకు పుస్తకం అక్కర్లేదు. సంక్రాంతి పతంగులు చాలు. గుల్జార్ హౌజ్ దగ్గర మాంజా చుట్టిన చర్ఖాలు అమ్ముతారు. వించి డ్రమ్ము అంటే అంత పెద్ద చర్ఖా. మాంజా వరుసగా చుట్టకపోతే చిక్కు పడుతుంది. వించి ముందు కూడా ఒక చెయ్యిలాంటి యంత్రం ఉంటుంది. అది అటూ ఇటూ కదులుతూ మోకును వరుసకు వరుస చుట్టిస్తుంది. పతంగి ఎగరేసే పిల్లవాడు గాలి గట్టిగా కొడితే "ఢీల్ ఇడువు" అని అరుస్తాడు. గాలి తగ్గితే ఖీంచుతాడు. టగ్గు సరంగు చేసే పని కూడా ఇదే. అల పెద్దదైతే మోకు వదలాలి. లోతు తగ్గితే లోపలికి చుట్టాలి.

ఒక తేడా ఉంది. ఓడను లాగేటప్పుడు మోకును మోటారు పట్టుకోదు. డ్రమ్ము చుట్టూ బిగించిన ఇనుప పట్టీ పట్టుకుంటుంది. అదే బ్రేకు. మోటారు లాగే బలం కంటే బ్రేకు పట్టే బలం ఎక్కువ ఉంటుంది. మోటారు పని మోకును చుట్టడం, వదలడం. రోజుల తరబడి పట్టి ఉంచడం బ్రేకు పని.

ఇంక మోకు. పెద్ద టగ్గులో అది ఉక్కు తీగలతో పేనిన మోకు. మందం 75, 80 మిల్లీమీటర్లు. అంటే మన మణికట్టుకన్నా లావు. ఒక్క మీటరు బరువు 20 కిలోలు దాటుతుంది. అట్లాంటిది వెయ్యి మీటర్లు, 1,500 మీటర్లు డ్రమ్ముకు చుట్టి ఉంటుంది. 1,500 మీటర్లంటే 30 టన్నుల పైమాటే. టగ్గు లాగే బలానికి రెండింతలు బలం మోకుకు ఉండాలని లెక్క. 200 టన్నుల టగ్గుకు 400 టన్నులకు గాని తెగని మోకు కావాలి.

అంత బరువైన మోకు ఎందుకు? తేలికైనది వాడొచ్చు కదా? ఇక్కడే తెలివి ఉంది. బట్టలు ఆరేసే దండెం చూడండి. కొంచెం వదులుగా కడితే మధ్యలో వంగుతుంది. గాలి కొట్టినా ఊగుతుంది, తెగదు. దండెం బిర్రుగా లాగి కట్టి తడి దుప్పటి వేసి చూడండి. మేకు ఊడి వస్తుంది. సముద్రంలో టగ్గు ఒక అల మీద ఉంటుంది, వెనక ఓడ ఇంకో అల మీద ఉంటుంది. ఒకటి పైకి లేచినప్పుడు ఇంకోటి కిందికి పోతుంది. మోకు బిర్రుగా ఉంటే ఒక్క కుదుపుకు పట్టున తెగుతుంది. బరువైన పొడుగాటి మోకు తన బరువుకు తానే నీళ్లలోకి వంగుతుంది. కుదుపు వచ్చినప్పుడు ముందు ఆ వంపు సాఫు అవుతుంది. అంతలో అల దాటిపోతుంది. ఆ వంపే మోకును కాపాడుతుంది. లోతు తక్కువ ఉన్నచోట మాత్రం అదే వంపు అడుగున రాళ్లకు రాసుకుంటుంది. అందుకే ఒడ్డు దగ్గరికి వస్తుంటే మోకును పొట్టిగా చేస్తారు.

ఈ మధ్య ప్లాస్టిక్‌లాంటి నూలుతో పేనిన మోకులు కూడా వచ్చాయి. ఉక్కు అంత బలం. బరువు చాలా తక్కువ, నీళ్లలో తేలుతుంది. చేతితో పట్టుకుని పని చేసేవాళ్లకు ఎంతో సుఖం. కాని రాపిడికి, వేడికి తట్టుకోవడంలో ఉక్కే మేలు.

ఇంత బరువైన మోకును పాడైన ఓడ దాకా ఎట్లా చేరుస్తారు? తుఫానులో దగ్గరికి పోతే రెండూ గుద్దుకుంటాయి. లంగాలోకి నాడా ఎట్లా ఎక్కిస్తాం? పిన్నీసు ముందు పోతుంది, దాని వెనక నాడా పోతుంది. ఇక్కడా అంతే. మొదట సన్నని దారాన్ని తుపాకీలాంటి దానితో ఆ ఓడ మీదికి విసురుతారు. ఆ దారానికి చేంతాడంత తాడు, ఆ తాడుకు లావు తాడు, దానికి అసలు మోకు. ఒకదాని వెనక ఒకటి పోతాయి. పాడైన ఓడలో కరెంటు ఉండకపోవచ్చు. అప్పుడు మనుషులే చేతులతో లాగాలి. చలిలో, వానలో, ఊగే ఓడ మీద.

బావి గట్టు రాయికి రాసుకుని చేంతాడు ఎక్కడ అరిగిందో మనకు తెలుసు. ఓడ అంచు దగ్గర మోకు కూడా అక్కడే అరుగుతుంది. అందుకని ఆ చివర గొలుసు వేస్తారు. ఓడ ముక్కుకు రెండు వైపుల నుంచి రెండు గొలుసులు వచ్చి మూడు మూలల ఇనుప పలక దగ్గర కలుస్తాయి. ఆ పలకకు, అసలు మోకుకు మధ్య ఒక పొట్టి మోకు ఉంటుంది. దాని బలం కావాలనే కొంచెం తక్కువ పెడతారు. తెగితే ముందు అదే తెగాలి. ఇంట్లో ఫ్యూజు తీగలాగా. వెయ్యి మీటర్ల మోకు పోవడం కన్నా పొట్టి మోకు పోవడం నయం.

ప్రాణం తీసే రెండు తప్పులు

బిర్రుగా ఉన్న మోకు తెగితే ఊరికే కింద పడదు. కొరడాలాగా వెనక్కి కొడుతుంది. కంటికి కనబడేలోపు తగులుతుంది. ఉక్కు మోకు దెబ్బకు కాళ్లు పోయినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ప్రపంచంలో ప్రతి రేవులో ఉన్నారు. నైలాను తాడు ఇంకా ఘోరం, అది సాగి సాగి తెగుతుంది. అందుకే లాగుతున్నప్పుడు టగ్గు వెనక భాగంలో ఎవ్వరూ నిలబడకూడదు. వించిని పైన గదిలోంచే నడుపుతారు. రోడ్డు మీద చెడిపోయిన లారీని తాడు కట్టి లాగుతుంటారు. నిమజ్జనం రోజు క్రేన్లు ఉంటాయి. అప్పుడు పిల్లలు తాడు దగ్గరికి ఉరుకుతారు. వాళ్లను దూరంగా ఉంచండి. తాడు పొడవెంతో అంతకంటే ఎక్కువ దూరం.

రెండోది టగ్గు బోర్లా పడటం. మీ మడమకు తాడు కట్టి ఎవరైనా గుంజుతుంటే పక్కకు తిరగలేరు. నడుముకు కడితే తిరగగలరు. అందుకే వించిని టగ్గు తోక దగ్గర కాకుండా నడుము దగ్గర పెడతారు. ఎటు కావాలంటే అటు తిరగడానికి వీలు. కాని నడుము దగ్గర ఉన్న మోకు పక్కకు తిరిగి, వెనక ఓడ అడ్డంగా గుంజిందంటే, టగ్గు ఒక పక్కకు ఒరిగిపోతుంది. క్షణాల్లో మునుగుతుంది. దీనికి రెండు కాపలాలు ఉన్నాయి. ఒకటి, ఇంకో పొట్టి తాడుతో మోకును తోక దగ్గరే అణచి పెట్టడం. రెండు, సరంగు చేతి దగ్గర ఒక బొత్తాము. నొక్కితే బ్రేకు వదిలేస్తుంది, మోకు మొత్తం జారిపోతుంది. కోట్ల రూపాయల ఓడ పోతే పోనీ. టగ్గులో మనుషులు ఉన్నారు.

లాగితే రాని ఓడ, లాగితే వచ్చిన ఓడ

2020 అక్టోబరులో వాయుగుండం వచ్చింది. విశాఖపట్నం దగ్గర లంగరు వేసి ఉన్న ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ సరుకుల ఓడ గాలికి కొట్టుకొచ్చింది. తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున రాళ్లకు తగిలి ఆగిపోయింది. అందులో ఉన్న 15 మంది క్షేమంగా బయటపడ్డారు. ఓడ మాత్రం నెలలకు నెలలు అక్కడే ఉండిపోయింది. జనం పిల్లాపాపలతో చూడటానికి పోయేవారు. దాన్ని హోటలుగా చేస్తామని పర్యాటక శాఖ చెప్పింది. లోతు లేనిచోట టగ్గు దగ్గరికి రాలేదు. ఓడ అడుగు రాళ్లలో ఇరుక్కుంటే దూరం నుంచి గుంజడం కష్టం. గుంజితే అడుగు చీలుతుంది.

మరుసటి ఏడు 2021 మార్చి 23న సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగింది. దాని పొడవు 400 మీటర్లు. ముక్కు ఇసుకలో దిగబడింది. వందల ఓడలు రెండు పక్కలా ఆగిపోయాయి. టగ్గులు గుంజాయి, కదల్లేదు. అప్పుడు మన బురద సంగతే వాళ్లూ చేశారు. ముక్కు కింద ఇసుకను తవ్వి తీశారు. తర్వాత పున్నమి కోసం చూశారు. పున్నమికి సముద్రం పోటు ఎక్కువ, నీళ్లు ఓడను పైకి లేపుతాయి. ఏఎల్‌పీ గార్డ్ అనే పెద్ద టగ్గు కూడా వచ్చి చేరింది. దాని బలం 280 టన్నులకు పైగా. మార్చి 29న ఓడ కదిలింది. ఆ రోజు మనకు హోలీ. ముందు రాత్రి షబే బరాత్. రెండూ పున్నమి పూట వచ్చాయి కాబట్టి గుర్తు పెట్టుకోవడం తేలిక. మోకు ఒక్కటే ఓడను తీయలేదు. తవ్వినవాళ్లు, పోటు, మోకు, మూడూ కలిస్తే వచ్చింది.

ఈ పనుల్లో ఆడవాళ్లు ఉన్నారా అని ఒక అక్క అడిగింది. ఉన్నారు. పెద్ద ఓడ రేవులోకి వచ్చేటప్పుడు దారి తెలిసిన పైలట్ ఎక్కి నడిపిస్తారు. ఏ టగ్గు ఎటు గుంజాలో వాళ్లే చెబుతారు. కలకత్తా రేవులో రేష్మా నీలోఫర్ అనే ఆమె 2018లో ఆ పైలట్ అయ్యారు. మన దేశంలో ఆ పనిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమె.

కూలి సంగతి కూడా చెప్పాలి. కాపాడే టగ్గులకు పాత కాలం నుంచి ఒక ఒప్పందం ఉంది. ఓడ దక్కితేనే డబ్బు. దక్కకపోతే, ఎన్ని రోజులు కష్టపడినా, ఎంత మోకు తెగినా, పైసా రాదు. దక్కితే మాత్రం బేరం ముందే కుదరదు. తర్వాత పెద్దలు కూర్చుని తేలుస్తారు. ఓడ విలువ ఎంత, సరుకు విలువ ఎంత, సముద్రం ఎంత ప్రమాదంగా ఉంది, చమురు నీళ్లలో కలవకుండా ఎంత ఆపారు, ఇవన్నీ చూస్తారు. అందులో కొంత భాగం టగ్గులో పని చేసినవాళ్లకు కూడా వస్తుంది.